గ్లోవ్ అరిగిన చోటు

స్టాఫ్ క్వార్టర్స్, రెండో అంతస్తు
జనవరి 9

అక్కా,

కవరు ఇంత లావుగా ఉందేమిటని తడిమి చూసే ఉంటావు. లోపల ఒక గ్లోవ్ ఉంది. ఉతకలేదు, ఏమనుకోకు.

నవ్వకుండా చదువు. మా యూనివర్సిటీ వెనక చిన్న గోల్ఫ్ కోర్సు ఉందని ఎప్పుడో చెప్పాను కదా, అక్కడ స్టాఫ్ కోసం ఆదివారం బ్యాచ్ ఒకటి మొదలుపెట్టారు. నేను చేరాను. నలభై అయిదేళ్ళ వయసులో, పిల్లలకు తర్కశాస్త్రం చెప్పుకుని బతికేదాన్ని, పొద్దున్నే లేచి గడ్డిలో నిలబడి గాలిని కొడుతున్నాను. ఎందుకని అడక్కు. అడిగితే మూడు కారణాలు చెప్పగలను. మూడూ నేనే నమ్మను.

సంగతేమిటంటే, తగిలిన బంతి కూడా కుడివైపుకే పోతోంది. మా కోచ్ కుర్రవాడు మర్యాదస్తుడు. "చేతులు మేడమ్, చేతులు" అంటాడు. చేతులకు ఏమయిందో చెప్పడు. పైగా మూడు వారాలకే గ్లోవ్‌కి చిల్లు పడింది. తిరిగి ఇద్దామని వెళితే షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సరుకు లోపం కాదండీ" అన్నాడు. మరి ఎవరి లోపమో అతనూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా గోల్ఫ్ కోచ్‌గా ఇదే పాఠం చెబుతున్నదానివి, నువ్వు చెప్పు.

ఫోన్ చేయొచ్చు. చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. "ఎలా ఉన్నావ్?" "బాగానే ఉన్నా." "బావ?" "బాగానే ఉన్నాడు." నాన్న పోయిన ఈ ఆరేళ్ళుగా మనం ఆడుతున్న ఆట అదొక్కటే.

నీ చెల్లి

*

ప్రాక్టీస్ రేంజ్ వెనక, సామాన్ల షెడ్డు
జనవరి 20

ఏమే పెన్సిలూ,

నిన్నలా పిలిచి ఎన్నాళ్ళయిందో. చెవి మీద పెన్సిలు పెట్టుకుని నిద్రపోయిన పిల్లవి, గోల్ఫ్ ఆడతావా! మీ బావకు చెబితే తాగుతున్న టీ పక్కన పెట్టి, "బంతి దానితో వాదించి గెలుస్తుందా?" అన్నాడు.

షాపతను చెప్పింది నిజం. గ్లోవ్ బంగారంలాంటిది. లోపమంతా నీ చేతిది. ఎక్కడ చిల్లు పడిందో చూడు. చిటికెన వేలి వైపు, మణికట్టుకు కాస్త పైన, అరచేతిలో దిండులా కండ ఉంటుందే, సరిగ్గా అక్కడ. అంటే నువ్వు స్టిక్‌ని అరచేతిలో పట్టుకుంటున్నావు, చీపురుకట్టను పట్టుకున్నట్టు. స్వింగ్ చేసిన ప్రతిసారీ పిడి అక్కడ జారి, తిరిగి, తోలును అరగదీసింది. చెయ్యి అబద్ధం చెబుతుంది, గ్లోవ్ చెప్పదు.

ఇప్పుడు లేచి నిలబడు. గ్లోవ్ వేసుకునే ఎడమ చెయ్యి వదులుగా కిందికి వేలాడనివ్వు. పిడి అరచేతిలో కాదు, వేళ్ళ మీద పడాలి. చూపుడువేలి మధ్య కణుపు దగ్గర మొదలై, ఏటవాలుగా చిటికెన వేలి మొదలు దాకా. వేళ్ళు ముడిస్తే ఆ దిండు కండ పిడి పైకి ఎక్కి కూర్చోవాలి. పక్కన కాదు, పైన. పట్టుకునే పని మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు ఈ మూడింటిదే. బొటనవేలు ఊరికే తోడు ఉంటుంది.

ఎంత గట్టిగా అని అడుగుతావు, నాకు తెలుసు. చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేటప్పుడు ఎంత గట్టిగా పట్టుకుంటామో అంత. పిల్ల జారిపోకూడదు, అలాగని ఏడవకూడదు.

దీన్ని పట్టుకుని జీవితం గురించి వ్యాసం రాయకు. ఇది స్టిక్ పట్టుకోవడం గురించే.

నాదొక పాత గ్లోవ్ పంపుతున్నాను. నాలుగేళ్ళ కిందటిది. చివరి వేళ్ళ కింద నల్లగా మెరుస్తోందా? దిండు దగ్గర చెక్కు చెదరలేదా? చెయ్యి సరిగ్గా ఉంటే అలా అరుగుతుంది. పక్కన పెట్టుకుని చూసుకుంటూ ఉండు. ఇంకో మాట. కొత్త గ్లోవ్ వేసుకున్న రోజున, మణికట్టు పట్టీ లోపల తేదీ రాయి. గడ్డి కోసే మిషనుకు కొత్త బ్లేడు వేసినప్పుడల్లా నాన్న రాసేవాడు కదా. అరిగింది చూస్తే చాలదు, ఎన్నాళ్ళకు అరిగిందో తెలియాలి.

ఉత్తరమే రాయి. ఫోన్‌లో "ఊఁ, ఊఁ" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు.

అక్క

*

లైబ్రరీ, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 16

అక్కా,

ఈ నెలంతా నా ఎడమ చేతిని నేనే గమనిస్తూ తిరిగాను. గొడుగు, బస్సులో పైన ఉండే కమ్మీ, చీపురు, అన్నీ అరచేతిలో ఇరికించి పట్టుకుంటున్నాను. ఎవరో లాక్కుపోతారన్నట్టు. నిన్న స్టాఫ్ మీటింగులో గొడుగును వేళ్ళ మీదికి తెచ్చుకునే ప్రయత్నంలో ఉంటే, పక్కనున్న లెక్కల మేడమ్ "చెయ్యి నొప్పా?" అని మందు రాసిచ్చింది.

రెండో గ్లోవ్ పంపుతున్నాను. దిండు దగ్గర చిల్లు లేదు! కానీ బొటనవేలి దగ్గర ఏదో అయింది. అక్కడేం తప్పు చేశానో తెలియడం లేదు.

నీ పాత గ్లోవ్‌ని బల్ల మీదే పెట్టుకున్నాను. చెయ్యి లేకపోయినా చేతి ఆకారం అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే మిషన్ల షెడ్డు వెనక నాన్న మనిద్దరితో ఆడించిన ఆట గుర్తొచ్చింది. నాన్న కోసి పొట్టి చేసిన స్టిక్ ఒక్కటే. ముందు నేను, వెనక నువ్వు. ఎడమ చెయ్యి నాది, కుడి చెయ్యి నీది. ఇద్దరం కలిసి ఒక్క బంతి. "ఒకళ్ళ చెయ్యి ఇంకొకళ్ళని తొయ్యకూడదర్రా!" అని నాన్న అరిచేవాడు. నాకు పదకొండు, నీకు పద్దెనిమిది.

అడగనా వద్దా అని రెండు రోజులు ఆలోచించి అడుగుతున్నాను. ఒకసారి నేను వరసగా ఏడెనిమిది బంతులు పాడుచేస్తే, స్టిక్ నా చేతిలోంచి తీసేసుకుని, "నీకు చేతుల్లేవే, పోయి చదువుకో" అన్నావు. నేను పోయి చదువుకున్నాను. చదివి ఇంతదాన్నయ్యాను, నిజమే. కానీ ఆ రోజు నువ్వు నిజంగా అలా అనుకునే అన్నావా?

జవాబు ఇవ్వకపోయినా పర్వాలేదు. బొటనవేలి సంగతి మాత్రం చెప్పు.

చెల్లి

*

సామాన్ల షెడ్డు
మార్చి 2

పెన్సిలూ,

ముందు బొటనవేలు. పిడి మీద దాన్ని బారుగా చాపి నొక్కుతున్నావు. అందుకే అక్కడి తోలు ముడతలు పడింది. కాస్త వెనక్కి లాక్కో, నడిమికి కొంచెం కుడిపక్కన పెట్టు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత నీ కుడి భుజాన్ని చూడాలి. ఇక కుడి చెయ్యి. దాని అరచేతి గుంటలో ఎడమ బొటనవేలు దాక్కోవాలి, దుప్పట్లో దూరినట్టు. కుడిచేతిలో పట్టుకునేవి నడిమి వేళ్ళు రెండే. చిటికెన వేలు ఎడమచేతి మీద వాలి పడుకుంటుంది. రెండు చేతులూ ఒక్క చెయ్యిలా ఉండాలి.

ఇక రెండో సంగతి. నాకు గుర్తు లేదే. మూడు రోజులు బుర్ర చించుకున్నాను. ఒక్కచెయ్యి ఆట గుర్తుంది, నీ జడ నా ముక్కుకు తగిలేది, అది గుర్తుంది. ఆ మాట మాత్రం లేదు. అనలేదని అనను. అనే ఉంటాను. ఆ వయసులో నా నోటికి తాళం ఉండేది కాదు. నేను మర్చిపోయిన మాటను నువ్వు ముప్ఫై నాలుగేళ్ళు మోశావు. మీ బావను అడిగితే, "గుర్తు లేదని రాయకు, ఇంకా బాధపడుతుంది" అన్నాడు. అయినా రాస్తున్నాను. నీకు అబద్ధం చెప్పి ఓదార్చలేను.

ఇక్కడొక కబురు. హెడ్ కోచ్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి నా పేరూ ఉంది. ఈ కోర్సులో ఆడదాని పేరు వినపడడం ఇదే మొదటిసారి. జూన్ ఇరవైన కమిటీ ముందు ఆడి చూపించాలి, పాఠం చెప్పి చూపించాలి. గడ్డి కోసే మనిషి కూతురు హెడ్ కోచ్ అని నాన్న ఉంటే ఊరంతా చెప్పేవాడు.

అక్క

*

స్టాఫ్ క్వార్టర్స్
మార్చి 29

అక్కా,

తగిలింది!

నిన్న పొద్దున, పదకొండో బంతో పన్నెండోదో. అంతవరకూ నాకు వినిపించేది టపటప మోత. ఇది వేరు. చిన్నగా, లోతుగా, బావిలో రాయి వేసినట్టు. చేతికి ఏమీ తెలియలేదు, నిజంగా ఏమీ! తలెత్తి చూస్తే బంతి నేను చూస్తున్న వైపే పోతోంది. కోచ్ కుర్రవాడు పక్క వరసలోంచి "మేడమ్, అదీ!" అని అరిచాడు. వెంటనే అనుమానం వచ్చింది, నా గొప్పా, గాలి గొప్పా అని. ఇంకో ముప్ఫై కొట్టాను. రెండు మళ్ళీ అలాగే తగిలాయి. రెండంటే గాలి కాదు కదా?

నీ "గుర్తు లేదు" గురించి. మొదట కోపం వచ్చింది. తర్వాత, విచిత్రంగా, తేలికైంది. ఇన్నేళ్ళూ అది నీ తీర్పు అనుకున్నాను. తీర్పు చెప్పినవాళ్ళు మర్చిపోరు. అది ఆ సాయంత్రపు విసుగు, అంతే.

హెడ్ కోచ్! ముందుగా అభినందించను, నీకు నచ్చదు. కానీ క్లాసులో బోర్డు వైపు తిరిగి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చెల్లి

*

సామాన్ల షెడ్డు
ఏప్రిల్ 10

పెన్సిలూ,

మూడు తగిలాయంటే గాలి కాదు. నీకు చేతులున్నాయి. రాతపూర్వకంగా ఇస్తున్నాను, దాచుకో.

బహుమతిగా నాన్న కోసిన ఆ పొట్టి స్టిక్ పంపుతున్నాను. అటక మీద దొరికింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి పట్టు సరిచూసుకోవడానికి ఆ పొట్టిదే మంచిది. పిడి పాతబడి పొట్టు రాలుతోంది. దారిలో పాడవకుండా ఏదైనా చుట్టి పంపమని మీ బావకు అప్పగించాను. నాకు ఊపిరాడని పని. జూన్ దాకా ఉత్తరాలు పొట్టిగానే ఉంటాయి.

అక్క

*

స్టాఫ్ క్వార్టర్స్, వంటగది బల్ల
ఏప్రిల్ 19

అక్కా,

స్టిక్ క్షేమంగా చేరింది. పట్టుకుంటే నా నడుము దాకా కూడా రాలేదు. అప్పుడు నేను ఇంత చిన్నదాన్నా!

బావ పిడికి చుట్టి దారం కట్టింది ఒక గ్లోవ్. నీది. విప్పి పక్కన పడేయబోయి ఆగాను. అలవాటైపోయింది కదా, గ్లోవ్ కనిపిస్తే చాలు తిప్పి చూస్తున్నాను.

నువ్వు మొదట పంపిన పాతదాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టాను. పాతదానిలో ఉంగరం వేలు, చిటికెన వేలు కింద నల్లటి మెరుపు. ఇందులో ఆ రెండు వేళ్ళూ షాపులోంచి తెచ్చినట్టు తెల్లగా ఉన్నాయి. చూపుడువేలి దగ్గర తోలు చీలింది. దిండు దగ్గర చిల్లు. నా మొదటి గ్లోవ్‌కి పడిన చోటే.

ఇది నీ చెయ్యేనా? నేను నాలుగు నెలల విద్యార్థిని, తప్పు చదివి ఉండొచ్చు. కానీ నువ్వు నేర్పినట్టు చదివితే, ఇందులో ఆ రెండు వేళ్ళూ పిడిని పట్టుకోవడమే లేదు.

తప్పు చదివావని రాయి, చాలు.

చెల్లి

*

షెడ్డు
ఏప్రిల్ 25

తప్పు చదివావు. అది ఎప్పటిదో పాత గ్లోవ్, ఎవరో నేర్చుకునేవాళ్ళకు ఇస్తే పాడుచేశారు. నువ్వు బంతి మీద దృష్టి పెట్టు.

అక్క

*

లైబ్రరీ
ఏప్రిల్ 29

అక్కా,

మణికట్టు పట్టీ లోపల నీ అక్షరాలతో తేదీ ఉంది. ఫిబ్రవరి 3, ఈ సంవత్సరమే.

నాకు ఏదీ గట్టిగా చెప్పడం చేతకాదని నీకు తెలుసు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు కూడా "బహుశా" అని రాసే మనిషిని. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీ ఎడమ చేతికి ఏదో అయింది. నువ్వు దాస్తున్నావు.

నీచేత నిజం చెప్పించాలంటే ముందు నేను చెప్పాలి. నాకు గోల్ఫ్ అంటే ఇష్టం లేదు. అంటే, చేరినప్పుడు లేదు. డిసెంబరులో ఒక సాయంత్రం నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? నలభై సెకన్లు మాట్లాడాం. పెట్టేశాక ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. నిన్ను ఏదైనా అడగాలనిపించింది, కానీ అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. నీకు తెలిసినదేదీ నాకు పనికిరాదు, నాకు తెలిసినదేదీ నీకు అక్కర్లేదు. నీకు తెలిసిన సంగతి ఒకటి నాకు అవసరమైతే బాగుండుననుకున్నాను. మర్నాడు వెళ్ళి ఆదివారం బ్యాచ్‌లో పేరు రాయించాను. మూడు కారణాలన్నానే, ఇది నాలుగోది.

ఇంత దూరం నడిచి వచ్చాక "తప్పు చదివావు" అని తలుపు వేసెయ్యకు.

చెల్లి

*

ఇంటి నుంచి, వరండా
మే 4

చిన్నీ,

పెన్సిలు అని రాయాలనిపించలేదు ఈసారి.

సరిగ్గానే చదివావు. నా దగ్గర ఇన్నేళ్ళు నేర్చుకున్నవాళ్ళెవరూ చదవలేకపోయారు. రోజూ పక్కన నిలబడే తోటి కోచ్‌లకే తెలియలేదు.

నవంబరులో మొదలైంది. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరి. చలికనుకున్నాను. తర్వాత స్టిక్ పైకెత్తేసరికి జారడం మొదలైంది. జారుతుంటే అరచేతిలోకి లాక్కుని పట్టుకున్నాను. ఏ తప్పు చెయ్యొద్దని ఇరవై రెండేళ్ళుగా మొత్తుకుంటున్నానో, అదే తప్పు. ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందట. ఆపరేషన్ చేసి వదులు చేయాలి. "మూడు నెలలు దాటనివ్వకండి, దాటితే కండ కరిగిపోతుంది, ఇక తిరిగి రాదు" అన్నాడు. చేసినా పూర్తిగా వస్తుందని చెప్పలేనన్నాడు. కట్టు విప్పి స్టిక్ పట్టుకోవడానికే శరత్కాలం వస్తుంది. జూన్ ఇరవైన ఆడి చూపించాలి కదా. అందుకే జూన్ దాటాక చేయించుకుందామనుకున్నాను. మీ బావ చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. నీకసలే చెప్పొద్దన్నాను.

ఆ మనిషిని ఇరవై ఆరేళ్ళుగా అమాయకుడనుకుంటున్నాను. నీ ఉత్తరం చూపించి నిలదీస్తే, "నేను నోరు విప్పలేదు కదా, ఏదైనా చుట్టమన్నావు, చుట్టాను" అన్నాడు. ఇంట్లో గుడ్డలే లేవా అని అరిచాను. "గుడ్డలున్నాయి. అది చదవగలిగే మనిషి ఒక్కతే ఉంది" అని లోపలికెళ్ళి టీ పెట్టాడు. నేను వరండాలో కూర్చుని ఏడ్చాను. చాలాసేపు.

నీకు చేతుల్లేవే అన్నానట. ఇప్పుడు ఆ మాట రోజూ పొద్దున నేను నాతోనే అనుకుంటున్నాను. జూన్ దాకా ఆగితే చెయ్యి పోతుంది. ఇప్పుడే చేయించుకుంటే కుర్చీ పోతుంది. ఆ కుర్చీ వద్దనుకోగలను అని చెబితే అబద్ధం. చిన్నపిల్లలా కావాలి నాకు అది.

నీకు గోల్ఫ్ ఇష్టం లేదని మొదటి గ్లోవ్ తెరిచినప్పుడే తెలిసింది. చిల్లు ఒక్కచోటే, మిగతా తోలంతా కొత్తది. ఆశ ఉన్న చెయ్యి అన్నిచోట్లా నలుగుతుంది. అది బంతి కోసం వచ్చిన చెయ్యి కాదు. మరి దేనికోసం వచ్చిందో అడగాలంటే భయం వేసింది, అడిగితే ఆపేస్తావేమోనని. అందుకే బొటనవేలు, దిండు కండ అంటూ రాసుకుంటూ పోయాను.

ఏం చెయ్యమంటావు?

అక్క

*

స్టాఫ్ క్వార్టర్స్
మే 7

అక్కా,

ఆపరేషన్ చేయించుకో. ఈ వారమే. సెలవు పెట్టాను, జూన్ ఆఖరు దాకా. ఆదివారం బయలుదేరుతున్నాను, టికెట్ వచ్చేసింది, కాబట్టి జవాబు రాయడం దండగ.

కమిటీ ఆడి చూపించమంది, పాఠం చెప్పి చూపించమంది. ఆడడం నీవల్ల కాదు. పాఠం చెప్పడానికి ఎడమ చెయ్యి అక్కర్లేదు. కట్టుతోనే వెళ్దాం. దాచకుండా. ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత నన్ను నిలబెట్టు. ఒక్కరోజు కూడా నీ పక్కన నిలబడకుండా, ఉత్తరాల మీద నేర్చుకున్న నలభై అయిదేళ్ళ మొద్దు శిష్యురాలు. నా గ్లోవులన్నీ తేదీల వారీగా తెస్తున్నాను, నువ్వు తిప్పి పంపినవీ, ఇప్పుడు వేసుకునేదీ. మొత్తం ఆరు. వాళ్ళ బల్ల మీద వరసగా పరుద్దాం.

వాళ్ళ ముందు నేను గాలిని కొడతానేమో. రాత్రంతా అదే ఆలోచన. అయినా వస్తున్నాను.

నువ్వు నన్ను రోడ్డు దాటించేదానివి, బడికి వెళ్ళేటప్పుడు. నా వేళ్ళు ఎప్పుడూ నొప్పెట్టలేదు. ఒక్కసారీ జారలేదు.

చెల్లి

*

ఇంటి వరండా
జులై 12

పెన్సిలూ,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మీ బావ నీ కుర్చీని ఇంకా గోడవైపుకి జరపలేదు.

కమిటీ ఉత్తరం మూడు రోజుల కిందట వచ్చింది. కుర్చీ నాకు రాలేదు. పక్క కోర్సు నుంచి వచ్చిన ఆ పొడుగాటాయనకిచ్చారు. పది బంతులకు పదీ గీత గీసినట్టు కొట్టాడు, నువ్వూ చూశావుగా. నువ్వు పదికి ఆరు. ఒకటి దూరం రాసిన బోర్డుకు తగిలి ఠంగుమంది. నవ్వు ఆపుకోలేక నేను కట్టులో చెయ్యి నొప్పి తెచ్చుకున్నాను. బాధ లేదని చెప్పను. రెండు రోజులు అన్నం సహించలేదు.

కానీ ఇది విను. పొద్దున ఆ పొడుగాటాయన ఇంటికి వచ్చాడు, చేతిలో సంచితో. గుమ్మంలో ఇబ్బందిగా నిలబడి, "మేడమ్, మా బ్యాచ్ వాళ్ళవి. ఆ రోజు బల్ల మీద ఆ గ్లోవులు చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదు. ఇవి కాస్త చదివి పెడతారా?" అన్నాడు. సంచిలో పద్నాలుగు మాసిన గ్లోవులు. మీ బావ ముక్కు మూసుకున్నాడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, చిల్లు పడ్డదానితో మొదలుపెట్టాను.

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది, ఎవరిదో చెయ్యిలా ఉంది. రబ్బరు బంతి నొక్కమంటున్నారు. నొక్కుతున్నాను. బంతికి తెలియడం లేదు.

అక్క

*

షెడ్డు
అక్టోబరు 21

సెప్టెంబరు 15న మొదలుపెట్టాను. రోజుకు ఇరవై బంతులు, పొట్టి స్వింగ్. ఇందులో పెట్టిన గ్లోవ్‌ని నా అంతట నేను చదువుకోవాలంటే ధైర్యం చాలడం లేదు. ఉన్నది ఒకటైతే నాకు కనిపించేది ఒకటి.

నువ్వు చదివి చెప్పు.

*

స్టాఫ్ క్వార్టర్స్, కిటికీ దగ్గర
అక్టోబరు 27

అక్కా,

పొద్దున వెలుతురు కోసం ఆగాను. దీపం కింద చూసి పొరబడతానేమోనని.

ముందు చెడ్డది చెబుతాను. చిటికెన వేలు దగ్గర ఏమీ లేదు. తెల్లగా, కొత్తదానిలాగే ఉంది. ఉందని రాసి నిన్ను ఓదార్చను, అది నువ్వే నేర్పావు. దిండు దగ్గర తోలు పలచబడింది, కానీ చిల్లు లేదు. జారుతోంది, ఏప్రిల్‌లో జారినంత కాదు. చూపుడువేలు దగ్గర ఇంకా గట్టిగా నొక్కుతున్నావు. భయపడుతున్నావు. అక్కడ కాస్త తగ్గించు.

ఇక ఉంగరం వేలు. మొదట మురికి అనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. భూతద్దం తెచ్చుకున్నాను. మొదటి కణుపుకు కాస్త కింద, పిడి ఆనే చోట, సరిగ్గా అక్కడే, బియ్యపు గింజంత నల్లటి మెరుపు ఉంది. నువ్వు జనవరిలో పంపిన పాత గ్లోవ్ తెచ్చి పక్కన పెట్టాను. అదే చోటు. పట్టీ తిప్పి తేదీ చూశాను. అయిదు వారాలు.

నా చదువు మీద నాకెప్పుడూ అనుమానమే. అందుకే రెండుసార్లు లేచి వెళ్ళి, టీ తాగి, వచ్చి మళ్ళీ చూశాను. రెండుసార్లూ ఉంది.

నాదొకటి ఇందులో పెడుతున్నాను. వేసవి నుంచి వాడుతున్నది. ఎలా ఉందో నేను చెప్పను. అన్నిచోట్లా నలిగిందో లేదో చూడు.

పెన్సిలు